క్రొయేషియా ఇంటిపేరు మూలం వెతకాలంటే ముందు ఊరు తేల్చుకోండి

కావలసినవి: నోటుపుస్తకం, పెన్సిల్, ఫ్యామిలీసెర్చ్ అనే వంశ రికార్డుల వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా. వంశవృక్షం యాప్‌ల జోలికి అప్పుడే పోవద్దు. ఖాళీ గడి కనిపిస్తే ఏదో ఒక పేరుతో నింపేయాలనిపిస్తుంది.

1. క్రొయేషియా నుంచి వలస వెళ్లిన పూర్వీకుడి పేరు, పుట్టిన ఏడు, మతం రాసుకోండి. పౌరసత్వ కాగితాలు, సమాధి రాళ్లు చూడండి.

2. పేరును ఎన్ని రకాలుగా రాసి ఉంటారో జాబితా వేయండి. న్యూయార్క్‌లో వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ గుమాస్తాలు పేర్లు మార్చేశారన్న మాట నమ్మకండి. ఓడ ఎక్కిన రేవులో తయారైన జాబితానే వాళ్లు సరిచూసుకునేవారు. పేర్లు ఎక్కువగా మారింది తర్వాతే, అదీ సొంతవాళ్ల చేతుల్లోనే. 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు బావి తవ్వించిన ఆంథోనీ లూకాస్ అసలు పేరు ఆంతున్ లూచిచ్. అమెరికాలో ముందే స్థిరపడిన బాబాయి లూకాస్‌గా మారితే, ఆయనా అదే పెట్టుకున్నాడు.

3. ఊరు తేల్చుకోండి. అందరూ బోల్తాపడేది ఇక్కడే. హోర్వాత్ లాంటి పేరు పట్టుకుని పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు రాసిన చర్చి పుస్తకాల్లోకి నేరుగా దూకితే, ఎవరి తాతనో మన తాత అనుకుంటాం. ఆ దేశంలో అతి సాధారణమైన ఇంటిపేరు అది.

కాగితంలో 'ఆస్ట్రియా' అని ఉందని వియన్నాలో వెతక్కండి. 1918 దాకా తీరంలోని డాల్మేషియా, ఇస్త్రియా ఆస్ట్రియా ఏలుబడిలో, లోపలి జాగ్రెబ్, స్లవోనియా హంగరీ కిరీటం కింద ఉండేవి. కాబట్టి ఆ ఒక్క మాట తీరమా, లోపలి ప్రాంతమా అన్నది సూచిస్తుంది.

1907 తర్వాతి అమెరికా ఓడ జాబితాలు రెండు పేజీలవి. చాలామంది ఎడమ పేజీ చూసి ఆగిపోతారు. స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా ఎడమ పేజీలోనే ఉంటాయి గానీ, కుడి పేజీ చివర ఉండే పుట్టిన ఊరు చూడకుండా మూసేస్తారు. కుడి పేజీ చివరిదాకా చదవండి. ఊరని రాసింది ఒక్కోసారి దగ్గర్లోని పట్నమే అవుతుంది, మరో కాగితంతో సరిపోలితేనే నమ్మండి.

దిగిన చోటు కూడా సాక్ష్యమే. ఒకరి వెంట ఒకరు వెళ్లారు కనుక చిలీలోని పుంతా అరేనాస్, ఆంతోఫగాస్తా అయితే ముందు డాల్మేషియాలోని బ్రాచ్ దీవిని చూడండి. న్యూజీలాండ్‌లో నేలలోంచి కౌరీ చెట్ల బంక తవ్వినవాళ్లయితే డాల్మేషియా తీరంలోని మకార్స్కా వైపు చూడండి. ద్రాక్షతోటలను ఫిలాక్సెరా పురుగు తినేశాక డాల్మేషియా నుంచి వలసలు మరీ పెరిగాయి. డీఎన్ఏ పరీక్ష కన్నా ఈ పద్ధతే మేలు. పరీక్ష బంధువులను చూపిస్తుంది గానీ ఊరు చెప్పదు.

4. ఇప్పుడు చర్చి పుస్తకాలు తెరవండి. లాటిన్, ఇటాలియన్, క్రొయేషియన్ భాషల్లో ఉంటాయి, కొన్ని దీవుల్లో పాతవి గ్లాగొలితిక అనే పాత స్లావిక్ లిపిలో. కుటుంబాలవారీగా రాసిన పుస్తకం దొరికితే ముందు అదే చూడండి. ఒకే ఇంటిపేరున్న కుటుంబాలను విడదీసే ముద్దుపేరు కనిపిస్తే తప్పకుండా రాసుకోండి, తర్వాతి తరాన్ని పట్టించేది అదే.