ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌తో అప్పు, పొదుపు, పెట్టుబడి లెక్కలు వేసుకోవడం ఎలా

అప్పు తీసుకోవాలన్నా, పొదుపు మొదలుపెట్టాలన్నా, పెట్టుబడి పెట్టాలన్నా ఇప్పుడు చాలామంది ముందుగా తెరిచేది ఆన్‌లైన్ కాలిక్యులేటర్‌నే. సొమ్ము, వడ్డీ రేటు, గడువు అనే మూడు గడులు నింపితే క్షణంలో జవాబు వస్తుంది. అయితే అది మనం వేసిన అంకెలకు జవాబే గాని, మన పరిస్థితికి జవాబు కాదు. అందువల్ల ఒక్కసారి లెక్క వేసి ఊరుకోకుండా, మిగతావి అలాగే ఉంచి ఒక్కో అంకెనే మారుస్తూ ఫలితం ఎంత కదులుతుందో గమనించాలి. కాలిక్యులేటర్ వల్ల నిజమైన ప్రయోజనం అక్కడే ఉంది.

ముందు అప్పు సంగతి చూద్దాం. 10 లక్షల అప్పును 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే నెలవారీ వాయిదా, అంటే ఈఎంఐ, 8,997 వస్తుంది. ఆ మొత్తం నెల నెలా కట్టగలమా లేదా అన్నది చూసుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. దాని పక్కనో కిందనో ఉండే మొత్తం వడ్డీ అంకెను తప్పక చూడాలి. ఈ అప్పు మీద అది దాదాపు 11.59 లక్షలు, అంటే తీసుకున్న అసలు కంటే ఎక్కువ. ఇప్పుడు గడువును మాత్రమే 15 ఏళ్లకు మార్చండి. వాయిదా 10,143 అవుతుంది, వడ్డీ మాత్రం 8.26 లక్షలకు దిగుతుంది. నెలకు 1,146 ఎక్కువ కట్టగలిగితే మొత్తం మీద 3.3 లక్షలకు పైగా మిగులుతుందన్నమాట.

చాలా కాలిక్యులేటర్లు వాయిదాల పట్టికను కూడా ఇస్తాయి. దాన్ని వరుసగా చదవడం కొంచెం విసుగు పుట్టించే పనే అయినా, అప్పు ఎలా తీరుతుందో అంత స్పష్టంగా చెప్పేది మరొకటి లేదు. పై ఉదాహరణలో మొదటి నెల కట్టే 8,997లో 7,500 వడ్డీకే పోయి, అసలుకు జమయ్యేది 1,497 మాత్రమే. మొదటి ఏడాదంతా కలిపి దాదాపు 1.08 లక్షలు కట్టినా అసలులో తగ్గేది 18,727. తొలి సంవత్సరాల్లో చెల్లించే అదనపు సొమ్ముకు అంత బలం ఉండేది ఇందుకే. అదే అప్పులో మొదటి ఏడాది చివర 50,000 అదనంగా కట్టి, వాయిదాను మార్చకుండా కొనసాగిస్తే, అప్పు 27 నెలలకు పైగా ముందే తీరిపోతుంది, వడ్డీలో దాదాపు 1.98 లక్షలు తగ్గుతుంది. ముందస్తు చెల్లింపు గడి ఉన్న కాలిక్యులేటర్‌ను ఎంచుకుంటే ఇలాంటి లెక్కలు సులువవుతాయి. ముందుగా కట్టినందుకు అప్పిచ్చినవారు రుసుము వసూలు చేస్తారేమో ఒప్పందంలో చూసి, ఆ మొత్తాన్ని లాభంలోంచి తీసేయాలి.

వడ్డీ రేటు మారే అప్పు అయితే ఇంకొక పరీక్ష తప్పనిసరి. రేటు గడిలో ఒక శాతం పెంచి చూడండి. 9 శాతం 10 అయితే ఇదే అప్పుకు వాయిదా 9,650 అవుతుంది. వాయిదా పెంచకుండా పాత 8,997నే కడుతూ పోతే, 240 నెలల్లో తీరవలసిన అప్పుకు దాదాపు 314 నెలలు పడుతుంది. పెరిగిన వాయిదాను భరించలేమనిపిస్తే, అప్పు తీసుకోక ముందే దాని మొత్తాన్ని తగ్గించుకోవడం మేలు.

రేటు ఏ పద్ధతిలో చెబుతున్నారో కూడా తెలుసుకోవాలి. లక్ష అప్పుకు 10 శాతం ఫ్లాట్ రేటు, 3 ఏళ్ల గడువు అంటే, అసలు తగ్గుతున్నా మొదటి మొత్తం మీదనే చివరిదాకా వడ్డీ వేస్తారు. 30,000 వడ్డీ కలిపి నెలకు 3,611 కట్టాలి. తగ్గే బాకీ మీద వడ్డీ వేసే పద్ధతిలో అదే 10 శాతానికి వాయిదా 3,227 మాత్రమే. ఫ్లాట్ 10 శాతం నిజానికి తగ్గే బాకీ పద్ధతిలో దాదాపు 18 శాతంతో సమానం. అందుకే రెండు అప్పులను పోల్చేటప్పుడు చెప్పిన రేట్లను కాక, చేతికి వచ్చే సొమ్మును, నెలవారీ వాయిదాను, మొత్తం చెల్లింపును పక్కపక్కన రాసుకుని చూడాలి. ప్రాసెసింగ్ రుసుమును ముందే పట్టుకుని ఇస్తే, చేతికి వచ్చేది అసలు కంటే తక్కువన్న సంగతి కాలిక్యులేటర్‌కు తెలియదు.

పొదుపు లెక్కలో చిక్కులు తక్కువ. వడ్డీ ఎన్నాళ్లకొకసారి అసలులో కలుస్తుందన్న గడిని సరిగా ఎంచుకుంటే చాలు. లక్ష రూపాయలను 7 శాతానికి 5 ఏళ్లు ఉంచితే, ఏడాదికొకసారి కలిస్తే 1,40,255, మూడు నెలలకొకసారి కలిస్తే 1,41,478 అవుతుంది. పన్ను ఉంటే అది పోగా మిగిలే రేటును వేసి మరోసారి చూసుకోవాలి.

ఎక్కువ జాగ్రత్త కావలసింది పెట్టుబడి కాలిక్యులేటర్ల దగ్గర. అక్కడ రాబడి రేటు అనేది ఒప్పందం కాదు, మన ఊహ. నెలకు 5,000 చొప్పున 20 ఏళ్లు, 12 శాతం రాబడి అని వేస్తే ఒక కాలిక్యులేటర్ దాదాపు 49.96 లక్షలు చూపిస్తుంది. మరొకటి అవే అంకెలకు 45.99 లక్షలు చూపించవచ్చు. మొదటిది 12 శాతాన్ని పన్నెండు నెలలకు సమానంగా భాగించి నెలకు 1 శాతంగా తీసుకుంటుంది, రెండోది ఏడాది చివర సరిగ్గా 12 శాతం వచ్చేలా నెలవారీ రేటును దాదాపు 0.95 శాతంగా తీసుకుంటుంది. రెండూ తప్పు కావు, కానీ ఒక పథకాన్ని ఒకదానిలో, మరో పథకాన్ని మరొకదానిలో లెక్కవేసి పోలిస్తే మాత్రం మోసపోతాం.

మొదటి పద్ధతిలోనే రాబడిని తగ్గించి చూడండి. 10 శాతానికి 38.28 లక్షలు, 8 శాతానికి 29.65 లక్షలు వస్తాయి. ఖర్చుల కింద ఏటా ఒక శాతం పోయి 11 శాతమే మిగిలినా, 12 శాతపు మొత్తంలోంచి 6.28 లక్షలు తగ్గిపోతాయి. ఇంతా చేసి, ధరలు ఏటా 6 శాతం పెరిగితే 20 ఏళ్ల తర్వాతి 49.96 లక్షలకు నేటి విలువ దాదాపు 15.6 లక్షలే. కాబట్టి లక్ష్యాన్ని నిర్ణయించుకునేటప్పుడు ముందుగా నేటి ఖర్చును ద్రవ్యోల్బణం కాలిక్యులేటర్‌లో వేసి, అప్పటికి అయ్యే మొత్తాన్ని తెలుసుకుని, ఆ మొత్తం చేరడానికి నెలకు ఎంత పెట్టాలో వెనక్కి లెక్కించడం మంచిది. ఏటా ఒకే రాబడి వస్తుందన్న భావన మీద ఈ లెక్కలన్నీ నిలబడతాయన్నదీ మరవరాదు. ఒక ఏడాది 50 శాతం పడి, మరుసటి ఏడాది 50 శాతం పెరిగితే, సగటు సున్నా అయినా 100 రూపాయలు 75గా మిగులుతాయి. మీరు నమ్మే రేటు ఒకటి, దానికంటే 3, 4 శాతం తక్కువ రేటు ఒకటి వేసి, తక్కువ రేటుతో వచ్చిన ఫలితం మీదనే ప్రణాళిక వేసుకోవాలని నా అభిప్రాయం.

లెక్క చూపించడానికి ఏ కాలిక్యులేటర్‌కూ మీ ఫోన్ నంబరు గాని, గుర్తింపు వివరాలు గాని అవసరం లేదు. అడిగితే ఆ పేజీ వదిలేయండి. వచ్చిన ఫలితాన్ని సరిచూసుకోవాలంటే ఎక్సెల్‌లోని పీఎంటీ ఫార్ములాకు నెలవారీ రేటు, మొత్తం నెలలు, అసలు ఇస్తే వాయిదా వస్తుంది. అది రుణ సంస్థ ఇచ్చిన పట్టికతో కొద్ది రూపాయలకు మించి తేడా చూపితే, కారణం చెప్పమని సంస్థనే అడగాలి.

వేసిన అంకెలను తేదీతో సహా ఒకచోట రాసి పెట్టుకుని, రేటు గాని ఆదాయం గాని మారినప్పుడల్లా లెక్కను తిరిగి వేయండి. అప్పు విషయంలో అప్పుడు మొదటి అసలును, మొదటి గడువును కాక, ఆ రోజుకు మిగిలిన అసలును, మిగిలిన నెలలను మాత్రమే గడుల్లో నింపాలి.