పింఛను చిన్నది, అప్పు పెద్దది: ముందు ఎవరికి కట్టాలి?

పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు కాగితం మీద సంతకం పెట్టకండి. ఉద్యోగ విరమణ తర్వాత అప్పుల్లో చిక్కుకున్నవారికి నేను చెప్పే మొదటి మాట ఇదే. మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

బ్యాంకులో అప్పులిచ్చే సీట్లోనూ, వసూలు చేసే సీట్లోనూ పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తెనాలిలో మా పింఛనుదారుల సంఘం గదిలో శనివారాలు కూర్చుంటాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మిల్లుల్లో, ప్రైవేటు కంపెనీల్లో పనిచేసి ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95 కింద నెలకు రెండు మూడు వేలు అందుకునేవారే. 2014లో ఆ పథకానికి ఖరారు చేసిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. జీతం ఉన్నవాడికి చెప్పే అప్పుల సలహాలు వీళ్లకు పనికిరావు. వచ్చే ఏడాది జీతం పెరుగుతుంది, అప్పటికి సర్దుకోవచ్చు అనుకోవడానికి వీల్లేదు. ఆదాయం ఇంతే, ఖర్చు మాత్రం మందుల రూపంలో పెరుగుతూ ఉంటుంది.

ముందు కాగితాలు బయటకు తీయండి

ఎంత బాకీ అని అడిగితే అందరూ చెబుతారు. ఏ కాగితం మీద సంతకం పెట్టారని అడిగితే చాలామంది తడబడతారు. అసలు విషయం అక్కడే ఉంది. ఒక నోటుబుక్కులో ఒక్కో అప్పుకు ఒక్కో పేజీ కేటాయించండి. ఎవరికి, అసలు ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా ఎంత కట్టారు, ఆఖరిసారి ఎప్పుడు కట్టారు, ఏం తాకట్టు పెట్టారు, హామీ సంతకం ఎవరిది, ఖాళీ చెక్కులు ఏమైనా ఇచ్చారా? ఇవన్నీ రాయాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని రాయండి. ఒకరికి తెలియకుండా రెండోవారు తెచ్చిన అప్పు ఉంటే అది ఈ పేజీల్లోకి రావలసిందే.

ఒక ఇంటి లెక్క చూపిస్తాను. ఆయన మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. పింఛను 2,900. ముందు గది మీద వచ్చే అద్దె 3,000. ఆమె కుట్టుపని మీద 1,500. మొత్తం 7,400. ఇద్దరికీ షుగరు, బీపీ మందులు 1,600. కూరగాయలు, పాలు, గ్యాసు, కరెంటు, మిగతా తిండి ఖర్చు 4,700. మిగిలేది 1,100.

ఇక అప్పులు. ప్రోనోటు మీద లక్షన్నర, నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు 3,000. క్రెడిట్ కార్డు బాకీ 60,000, నెలకు మూడున్నర శాతం చొప్పున 2,100. రెండు కాసుల గొలుసు మీద బ్యాంకులో 60,000, ఏడాదికి తొమ్మిది శాతం లెక్కన నెలకు 450. మొత్తం వడ్డీయే 5,550. మిగిలే 1,100తో ఇది ఎన్నటికీ తీరదు. కాబట్టి వాళ్లు ఏం చేస్తున్నారంటే, కార్డు మీద డబ్బు తీసి ప్రోనోటు వడ్డీ కడుతున్నారు. ఏడాదికి 24 శాతం వడ్డీని 42 శాతం వడ్డీతో తీరుస్తున్నారన్నమాట.

ఈ లెక్క కాగితం మీద కనిపించగానే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆమె మాత్రం వెంటనే అన్నారు: "అన్నయ్యగారూ, అంటే మేము కడుతున్నది అప్పు కాదు, వడ్డీకి వడ్డీ." అంతే. ఆదాయంతో తీరని అప్పుకు ఇంకా క్రమశిక్షణ కావాలని ఎవరు చెప్పినా వినకండి. అక్కడ కావలసింది అప్పు షరతులు మార్చుకోవడం, లేదా ఒక ఆస్తిని వదులుకోవడం.

గట్టిగా అరిచేవాడు మొదటివాడు కాదు

బియ్యం, మందులు, కరెంటు, ఇంటి అద్దె. వీటి తర్వాతే ఏ అప్పైనా. రోజుకు రెండుసార్లు ఫోను చేస్తున్నాడని బీపీ మాత్రలు మానేసి కార్డు బాకీ కట్టినవాళ్లను చూశాను. అలా చేయకండి.

అప్పుల్లో ముందు చూడవలసింది, కట్టకపోతే ఇల్లు పోయేది. ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో తెచ్చిన అప్పు 90 రోజులు బాకీ పడితే మొండి బాకీగా మారుతుంది. ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకు ఉంటుంది. ఆ నోటీసు వస్తే బీరువాలో పెట్టకండి. మీ అభ్యంతరాన్ని, మీ ఆదాయాన్ని రాతపూర్వకంగా తెలపండి. దానికి 15 రోజుల్లోగా జవాబు ఇవ్వవలసిన బాధ్యత బ్యాంకుది.

తర్వాత బంగారం. ఆ తర్వాత చెక్కులు ఇచ్చిన అప్పు. చెక్కు బౌన్సయితే వచ్చే నోటీసుకు 15 రోజుల గడువు ఉంటుంది, అది దాటితే క్రిమినల్ కేసు వేయవచ్చు. అందుకే ఇకముందు ఎవరికీ ఖాళీ చెక్కు ఇవ్వకండి. ఏ తాకట్టూ లేని కార్డు బాకీ, పర్సనల్ లోను, చేబదులు ఆఖరివి. చిత్రం ఏమిటంటే, గేటు ముందు నిలబడి పరువు గురించి మాట్లాడేవాళ్లు ఈ ఆఖరి వరసలోనే ఉంటారు. వాళ్ల ఒత్తిడికి లొంగి, తాకట్టు లేని అప్పును ఇంటి మీద తనఖాగా మారుస్తారు మనవాళ్లు. ఇంతకంటే పెద్ద నష్టం లేదు.

గొలుసు సంగతి

బంగారం తాకట్టులో ఉంచి ఏళ్ల తరబడి వడ్డీ కట్టడం కంటే అమ్మడం మేలని నేను నమ్ముతాను. పాత ధర మీద తెచ్చిన అప్పు, ఇప్పటి నగ విలువలో చిన్న భాగమే. వేలం దాకా పోనిస్తే ధర మన చేతిలో ఉండదు. వేలంలో బాకీ పోను మిగిలిన సొమ్ము మీకు తిరిగి ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కానీ మీరే విడిపించి అమ్ముకుంటే బేరం మీది. అయితే ఇది ఇంటి ఆడమనిషి చెప్పవలసిన మాట, భర్తగానీ నేనుగానీ చెప్పేది కాదు. ఆ ఇంట్లో ఆమే నిర్ణయించారు. కూతురి పెళ్లిలో కూడా తీయని గొలుసు అది. బ్యాంకు బాకీ పోను దాదాపు లక్ష చేతికి వచ్చింది.

ఆ లక్ష పట్టుకుని ప్రోనోటు ఆసామి దగ్గరకు వెళ్లాం. వెళ్లేముందు, కట్టినప్పుడల్లా నోటు వెనక రాసిన చెల్లులన్నీ కూడి చూశాం. నాలుగేళ్లలో వడ్డీగానే 1,44,000 వెళ్లింది. అసలుకు ఆరు వేలే తక్కువ. ఆయన కూడా పెద్దవాడు, ఇరుగుపొరుగు మనిషి. ఆ కాగితం ముందు పెట్టి, లక్ష ఇప్పుడు తీసుకుని, మిగతా 50,000 వడ్డీ లేకుండా నెలకు 800 చొప్పున తీసుకోమని అడిగాం. మొదట కాదన్నారు, వారం తర్వాత ఒప్పుకున్నారు. లక్షకు నోటు మీదే చెల్లు వేయించి, మిగతా ఒప్పందాన్ని విడిగా రాసుకుని ఇద్దరూ సంతకాలు చేశారు. కార్డు బ్యాంకుతో ఉత్తరాలు ఇంకా నడుస్తున్నాయి.

ప్రోనోటు గురించి మరొక మాట. నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోగా దావా వేయాలి. ఈలోగా మీరు సంతకం చేసి చెల్లు వేస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. కాలం దాటిన నోటును తెచ్చి, తిరగరాయమని అడిగేవాళ్లుంటారు. తీర్చాలా వద్దా అన్నది మీ మనస్సాక్షికి సంబంధించినది, నేను జోక్యం చేసుకోను. కానీ గుమ్మంలో నిలబెట్టి అడిగితే అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఎవరైనా వకీలుకు చూపించండి.

బ్యాంకుకు ఎలా రాయాలి

ఫోనులో బతిమాలుకోవడం వల్ల ఏమీ మిగలదు, ఉత్తరం మిగులుతుంది. తెలుగులోనే రాయండి, పరవాలేదు. నా వయసు ఇంత, పింఛను ఇంత, మందుల ఖర్చు ఇంత, మిగిలేది ఇంత, అందువల్ల వడ్డీ నిలిపివేసి నెలకు ఇంత తీసుకోండి, లేదా ఒకేసారి ఇంత తీసుకుని ఖాతా ముగించండి అని అడగండి. పింఛను పాసుపుస్తకం నకలు, మందుల చీటీ జతచేయండి. బ్రాంచిలో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. కట్టలేని మొత్తం కడతానని మాత్రం రాయకండి. మొదటి నెలే తప్పితే మీ మాటకు విలువ పోతుంది.

వన్ టైమ్ సెటిల్మెంట్ చేసుకుంటే సిబిల్ స్కోరు, అంటే అప్పు పుట్టడానికి బ్యాంకులు చూసే లెక్క, పాడవుతుందని భయపెడతారు. డెబ్బై ఏళ్ల మనిషికి కొత్త అప్పు పుట్టకపోవడం నష్టం కాదు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బంధువులకు, ఇరుగుపొరుగుకు చెప్పి అవమానించడం, బెదిరించడం కూడా నిషేధమే. ఎవరు, ఏ నంబరు నుంచి, ఎన్ని గంటలకు, ఏమన్నారో అదే నోటుబుక్కులో రాయండి. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చినా తృప్తి కలగకపోతే, ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కు ఫోను చేయండి. లోను యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే 1930కి, పోలీసులకు వెంటనే చెప్పండి.

ప్రభుత్వ పింఛనును గానీ ఈపీఎస్ పింఛనును గానీ అప్పులవాళ్లు కోర్టు ద్వారా జప్తు చేయించలేరు. కానీ పింఛను పడే బ్యాంకుకే మీరు బాకీ ఉంటే, ఖాతాలోని సొమ్మును ఆ బ్యాంకు బాకీ కింద జమ చేసుకునే ప్రమాదం ఉంది. పింఛను మీద లోను తీసుకోనివారు పింఛనును వేరే బ్యాంకుకు మార్చుకోవడం మంచిది. 2025 జనవరి నుంచి ఈపీఎస్ పింఛను ఏ బ్యాంకులోనైనా తీసుకోవచ్చు.

కోర్టు, జైలు, పిల్లలు

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. కట్టే స్తోమతు లేని మనిషిని డబ్బు డిక్రీ, అంటే బాకీ కట్టమని కోర్టు ఇచ్చిన తీర్పు, కింద జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. అలాంటి డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయడానికి అసలు వీల్లేదు. వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు, మంగళసూత్రం జప్తుకు రావు. ఊళ్లో సొంత ఇల్లు మాత్రం జప్తుకు రావచ్చు, అందుకే సమన్లు వస్తే తప్పక హాజరు కావాలి. వెళ్లకపోతే ఎదుటివాడు అడిగిందంతా ఇచ్చి ఎక్స్‌పార్టీ డిక్రీ అవుతుంది.

వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. బ్యాంకు బాకీలకు లోక్ అదాలత్ మంచి చోటు. కోర్టు ఫీజు లేదు. ఒకటి గుర్తుంచుకోండి, అక్కడ ఒప్పుకున్నదానిపై అప్పీలు ఉండదు. మొత్తం తగ్గించారన్న సంతోషంలో మీవల్ల కాని వాయిదాకు ఒప్పుకోకండి.

ఐపీ పెట్టడం, అంటే దివాలా పిటిషను వేయడం, మన ఊళ్లలో తిట్టుమాట అయిపోయింది. నేను అలా చూడను. 1920 నాటి దివాలా చట్టం నిజంగా ఏమీ లేనివాడి కోసమే ఉంది. ఆస్తులూ అప్పులూ దాచకుండా కోర్టు ముందు పెట్టాలి, ఉన్నది కోర్టు నియమించిన రిసీవరు అమ్మి పంచుతాడు, చివర కోర్టు విముక్తి ఇస్తుంది. ఇల్లు లేక, నాలుగైదు ప్రోనోట్లతో నలిగిపోతున్నవారు వకీలుతో తప్పక మాట్లాడాలి. ఇల్లున్నవారికి ఇది ఆఖరి దారి. కొడుకు పేర గిఫ్టు రాసి తర్వాత ఐపీ పెడదామనుకోకండి, రెండేళ్ల లోపు అలా రాసినవాటిని కోర్టు కొట్టివేయగలదు.

చాలామందిని నిద్రపోనివ్వని ప్రశ్న మరొకటి ఉంది: మేము పోతే పిల్లల మీద పడుతుందా? హామీ సంతకం చేయని పిల్లలు మీ నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. వాళ్ల సొంత సంపాదన నుంచి కట్టనక్కరలేదు. కాబట్టి వాళ్ల చేత హామీ సంతకం పెట్టించకండి. వాళ్లకు విషయం మాత్రం చెప్పండి. చూసుకునే పిల్లలు లేకపోతే వృద్ధుల హెల్ప్‌లైను 14567 ఉంది. పోషణ ఖర్చు కోసం 2007 చట్టం కింద ట్రైబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

కొత్త అప్పు ఎక్కువగా ఆసుపత్రి గుమ్మంలో పుడుతుంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. జబ్బు రాకముందే తీసుకోండి. రోజువారీ మందులకు జన ఔషధి దుకాణంలో అడగండి.

అప్పు తీరిన రోజు పని ఇంకా మిగిలే ఉంటుంది. ప్రోనోటు అసలు ప్రతిని వెనక్కి తీసుకోండి, జిరాక్సు సరిపోదు. ఇచ్చిన ఖాళీ చెక్కులన్నీ నంబర్లు సరిచూసి తెచ్చుకోండి. బ్యాంకు నుంచి బాకీ లేదని ఉత్తరం తీసుకోండి. ఇల్లు తనఖా రిజిస్టరు చేసి ఉంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రద్దు చేయించి, ఆ తర్వాత ఆస్తి మీద తనఖాలేమైనా ఉన్నాయో చూపే ఈసీ తీసి చూడండి. ఆ కాగితాలన్నీ ఒకే సంచిలో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చూపించండి.