తిరుపతి జూలో జంతువు పేరు, దాని పుట్టుపూర్వోత్తరాలు పట్టుకునేది ఎట్లా

పిల్లకాయల్ని జూకి తీసుకుపోతే పులిని చూసి ఫోటో తీసుకుని, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తా ఉంటాం. ఈసారి పోయేటప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. బోర్డు మీద తెలుగు పేరు, ఇంగ్లీషు పేరు కాకుండా ఇంకో రెండు మాటల పేరు ఉంటుంది కదా, అదే శాస్త్రీయ నామం, దాన్ని అక్షరం పోకుండా రాసుకోండి. ఇంటికొచ్చి ఆ పేరు ఫోన్‌లో వెతికితే పక్కనే ఒక మనిషి పేరు, ఒక సంవత్సరం వస్తాయి. ఆ జంతువుని మొదట శాస్త్రీయంగా వర్ణించి పేరు పెట్టింది ఎవరు, ఎప్పుడు అనేది అదే.

మన ఏనుగుకి లిన్నేయస్ (స్వీడన్ శాస్త్రవేత్త), 1758 అని, పేరు చుట్టూ బ్రాకెట్ లేకుండా ఉంటుంది, పులికి మాత్రం అదే మనిషి, అదే సంవత్సరం బ్రాకెట్‌లో ఉంటాయి. బ్రాకెట్ ఉందంటే ఆయన మొదట వేరే ప్రజాతిలో, అంటే రెండు మాటల పేరులో మొదటి మాట చెప్పే గుంపులో, పెట్టాడు, తర్వాత వాళ్ళు మార్చారు అని. పులిని ఆయన ఫెలిస్‌లో పెట్టాడు, ఇప్పుడు పాంథెరా. కృష్ణజింకనైతే ఏకంగా మేకల్లో కలిపేశాడు! జంతువుల పేర్లకి లెక్క మొదలయ్యేదే 1758 నుంచి, అందుకే ఆ సంవత్సరం అన్నిసార్లు కనిపిస్తుంది. దుప్పికి ఎర్క్స్‌లెబెన్ 1777, కణుజుకి కెర్ 1792, ఈ రెండూ బ్రాకెట్‌లోనే.

ఎలుగుబంటి దగ్గర మాత్రం తొందరపడొద్దు, కాసేపు నిలబడండి. 1791లో జార్జ్ షా అనే ఆయన దీనికి పేరు పెడతా, ఆ పొడుగాటి వంకర గోళ్ళు, ముందుపళ్ళ తీరు చూసి దక్షిణ అమెరికాలో చెట్లకి వేలాడే స్లాత్ అనే జంతువు ప్రజాతిలో వేసేశాడు. రెండేళ్ళకి, 1793లో, మేయర్ అనే శాస్త్రవేత్త దానికి వేరే ప్రజాతి పెట్టాడు. అది నోరు తెరిచినప్పుడు పై దవడ ముందు చూడండి, మధ్యలో రెండు పళ్ళు ఉండవు, ఆ సందులోంచే చెదల్ని బుర్రుమని పీల్చేస్తుంది, మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు కూడా మూసుకుంటుంది. ఆ నోటిని దగ్గరనుంచి చూశాక షా మీద నాకైతే కోపం రాలేదు.

పిల్లకాయలకి ఏనుగు కథ తప్పకుండా చెప్పండి. లిన్నేయస్ ఆసియా ఏనుగు కిందే లెక్కేసిన సీసాలోని పిండం అసలు ఆఫ్రికా ఏనుగుదని 2013లో తేలింది, ఇప్పుడు ఆసియా ఏనుగు శాస్త్రీయ నామానికి ఆధారంగా చూపే నమూనా ఇటలీ ఫ్లోరెన్స్‌లో ఉన్న ఒక అస్థిపంజరం.

జూకి పోవడం కుదరకపోతే పెరట్లో ఉడతతో మొదలుపెట్టండి, వీపు మీద మూడు చారలుంటే అది లిన్నేయస్ 1766లో వర్ణించిందే. శేషాచలం కొండల్లోనూ ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి గానీ వాటిని వెతుక్కుంటా మెట్లదారి దిగి అడవిలోకి మాత్రం పోవద్దు, పిల్లల్ని చెయ్యి వదలొద్దు. జూకైతే సెలవు ఏ రోజో ముందే కనుక్కుని పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కితే అన్నీ నీడకి పడుకుంటాయి.