తాతగారు పుట్టిన ఊరు, మనవడు ఆడే జట్టు: దిగువ లీగుల ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఒక మార్గదర్శి

ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ప్రీమియర్ లీగు కింద చాంపియన్‌షిప్, దాని కింద లీగ్ వన్, లీగ్ టూ, వాటి కింద నేషనల్ లీగు ఉంటాయి. ఆ కింది మెట్లలో ఆడేవారికి ఇంగ్లండు జాతీయ జట్టు నుంచి పిలుపు రావడం దాదాపు అసాధ్యం. అయినా, శనివారం మధ్యాహ్నం ఏ మూడు నాలుగు వేల మంది ముందో ఆడిన కుర్రవాడు వారం తిరగకముందే మరో ఖండంలో ప్రపంచ కప్ అర్హత పోటీకి ముందు జాతీయ గీతం కోసం వరుసలో నిలబడడం అక్కడ అరుదైన సంగతేమీ కాదు. అది అతని తల్లి పుట్టిన దేశమో, తాత పుట్టిన దేశమో అయి ఉంటుంది. ఈ అవకాశం ఉన్నవారిలో చాలామంది దాన్ని ఆలస్యంగా గుర్తిస్తారు, గుర్తించాక కాగితాల దగ్గర చిక్కుకుంటారు. అందుకే ఈ వ్యాసంలో కాగితాలకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అర్హత ఉందో లేదో తేల్చుకోవడం

ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ ఫిఫా నిబంధనలు రెండు ప్రశ్నలను వేరువేరుగా అడుగుతాయి, ఆ రెండింటినీ ఒకటిగా అనుకోవడం వల్లనే పొరపాట్లు జరుగుతాయి. మొదటిది పౌరసత్వం: మీరు ఆడదలచిన దేశపు శాశ్వత పౌరసత్వం మీకు ఉండాలి, అది అక్కడ నివసించడం మీద ఆధారపడినది కాకూడదు. రెండవది సంబంధం: ఆ పౌరసత్వం పుట్టుకతో కాక తరువాత వచ్చినదైతే, మీరు ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా మీ కన్నతల్లి గానీ కన్నతండ్రి గానీ అక్కడ పుట్టి ఉండాలి, లేదా ఇరువైపుల తాతలు, నాయనమ్మ, అమ్మమ్మలలో ఎవరో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి. ఇవేవీ లేనివారు ఏళ్ల తరబడి అక్కడ నివసించి ఉండాలి. ఈ జాబితా తాతల తరంతో ఆగిపోతుంది కాబట్టి ముత్తాత పుట్టిన ఊరు అక్కరకు రాదు. ఇంటిపేరు, ఇంట్లో మాట్లాడే భాష కూడా లెక్కలోకి రావు.

కరీబియన్ సముద్రంలోని మాంట్సెరాట్‌ను చూస్తే ఈ నియమం ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. అది బ్రిటన్ ఏలుబడిలోని చిన్న ద్వీపం. 1995లో సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం మేల్కొంది, ఆ తరువాతి విస్ఫోటాలు రాజధాని ప్లిమత్‌ను బూడిదలో పూడ్చివేశాయి, జనంలో సగానికి పైగా ద్వీపం విడిచి వెళ్లారు, వారిలో చాలామంది ఇంగ్లండు చేరారు. 2002 జూన్ 30న, బ్రెజిల్, జర్మనీ యొకొహామాలో ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన రోజునే, ఫిఫా ర్యాంకులలో చిట్టచివరనున్న రెండు జట్లు భూటాన్ రాజధాని తింపులో తలపడగా భూటాన్ చేతిలో మాంట్సెరాట్ 4-0 తేడాతో ఓడింది. అదే జట్టు ఉత్తర అమెరికా, కరీబియన్ దేశాల పోటీ అయిన 2019 గోల్డ్ కప్‌కు దారితీసిన అర్హత పోటీలలో నాలుగు మ్యాచ్‌లకు మూడు గెలిచి, గోల్స్ తేడాతో మాత్రమే అవకాశం పోగొట్టుకుంది. ఈ మధ్యకాలంలో వచ్చిన మార్పుకు ప్రధాన కారణం, ద్వీపంతో రక్తసంబంధం ఉన్న ఇంగ్లండు దిగువ లీగుల ఆటగాళ్లు జట్టులో చేరడమే. లండన్‌లోని గ్రీనిచ్‌లో పుట్టి, ఏఎఫ్‌సీ వింబుల్డన్‌కు, చార్ల్‌టన్‌కు గోల్స్ చేసిన లైల్ టేలర్ వారిలో అందరికీ తెలిసిన పేరు. మాంట్సెరాట్‌కు ఆడేవారికి కొత్త పాస్‌పోర్టు అక్కరలేదు, బ్రిటిష్ పాస్‌పోర్టే చాలు. అయితే ఆ పాస్‌పోర్టు అనేక జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యలకు ఉమ్మడిది కనుక, తల్లిదండ్రులో తాతలో ఆ ద్వీపంలోనే పుట్టారని చూపవలసి ఉంటుంది.

కాగితాలు సేకరించడం

మీ నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. ముందు మీ జనన ధ్రువీకరణ పత్రం తీసుకోండి. ఇంగ్లండులో దీనికి చిన్న ప్రతి, పూర్తి ప్రతి అని రెండు రకాలున్నాయి, చిన్నదానిలో తల్లిదండ్రుల పేర్లు ఉండవు కాబట్టి పూర్తిదే కావాలి. ఆ తరువాత తల్లి లేదా తండ్రి జనన పత్రం, పెళ్లితో పేరు మారి ఉంటే వివాహ పత్రం, చివరికి తాత లేదా అమ్మమ్మ జనన నమోదు. ఈ చివరి కాగితాన్ని ఆ దేశపు జనన మరణాల రిజిస్ట్రీ నుంచి మీరే నేరుగా తెప్పించుకోండి. మధ్యవర్తి ఎవరైనా తెచ్చి చేతిలో పెట్టిన నకలును నమ్మవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఈ మాట ఎందుకు చెబుతున్నానో మలేషియా ఉదంతం చూస్తే అర్థమవుతుంది. 2025 జూన్ 10న ఆ జట్టు వియత్నాంను 4-0తో ఓడించింది. తాతల ద్వారా అర్హత పొందామన్న ఏడుగురు విదేశీ సంతతి ఆటగాళ్ల పత్రాలలో వారి పెద్దలు మలేషియాలో పుట్టినట్టు ఉంది. ఫిఫా తెప్పించిన అసలు రికార్డులలో మాత్రం ఆ పెద్దలు పుట్టింది అర్జెంటీనాలో, బ్రెజిల్‌లో, స్పెయిన్‌లో, నెదర్లాండ్స్‌లో. అదే ఏడాది సెప్టెంబరులో ఫిఫా క్రమశిక్షణ సంఘం ఆ ఏడుగురికీ 12 నెలల నిషేధం, మలేషియా సమాఖ్యకు 3.5 లక్షల స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది. కాగితం ఎవరు తయారుచేసినా, సంతకం పెట్టి మైదానంలోకి దిగిన ఆటగాడి బతుకుతెరువే ముందు ఆగిపోతుంది.

ఇంట్లోని పెద్దవారితో కూర్చుని మాట్లాడడం కూడా ఈ పనిలో భాగమే. మూడో శ్రేణిలో ఉన్న గిలింగ్‌హామ్‌కు ఆడుతూ 1985లో ఐర్లండు జట్టులోకి వచ్చి, ఆ దేశం తరఫున 88 మ్యాచ్‌లు ఆడిన టోనీ కాస్కరీనో, తన తల్లి ఆ ఐరిష్ కుటుంబానికి పెంపుడు కూతురని ఆడుతున్న రోజుల్లోనే తెలుసుకుని, 2000లో బయటపెట్టారు. ఇప్పటి నిబంధనలలో కన్న తల్లిదండ్రులు అన్న మాట స్పష్టంగా ఉంది. దత్తత, రెండో పెళ్లి వంటి విషయాలు కుటుంబంలో ఉంటే అవి దరఖాస్తుకు ముందే తెలియాలి.

పాస్‌పోర్టు దారి దేశానికొకటి. తాత ఐర్లండులో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టరులో నమోదు చేయించుకోవచ్చు, పౌరసత్వం నమోదైన తేదీ నుంచే వర్తిస్తుంది గనుక పిలుపు వచ్చేదాకా ఆగకూడదు. ఇండొనేషియా పెద్దవారికి ద్వంద్వ పౌరసత్వం ఇవ్వదు కాబట్టి, డచ్చి పాస్‌పోర్టు వదులుకున్న ఆటగాడు ఐరోపాలో ఉద్యోగ అనుమతి సంగతి కూడా ముందుగానే చూసుకోవాలి.

విదేశాలలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇక్కడే ఎదురవుతుంది. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, 2008 నుంచి అమలులో ఉన్న ప్రభుత్వ విధానం ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవారే జాతీయ జట్టుకు ఆడాలి. పోర్ట్స్‌మత్, రోథరామ్, ఆక్స్‌ఫర్డ్ యునైటెడ్ వంటి క్లబ్‌లకు ఆడి బెంగళూరు చేరిన రయన్ విలియమ్స్, తల్లి వైపు ముంబై సంబంధం ఉన్నా, 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకున్నాకే భారత పాస్‌పోర్టు పొందగలిగాడు. పొరుగునున్న బంగ్లాదేశ్‌కు ఈ ఇబ్బంది లేనందున, ఇంగ్లండులో పుట్టి పెరిగిన హంజా చౌధురి 2025 మార్చి 25న షిల్లాంగ్‌లో మన జట్టుపైనే తొలి మ్యాచ్ ఆడాడు. ఓసీఐ కార్డు తీసుకొని ఐదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు భారతదేశంలో నివసించినవారు పౌరసత్వం కోరవచ్చు. అంటే క్లబ్ జీవితాన్ని కూడా ఇక్కడికే మార్చుకోవాలి. అది ఇంగ్లండు లీగుల ఆదాయాన్ని వదులుకునే నిర్ణయం కాబట్టి, ఇరవైల మొదట్లో ఉన్న కుర్రవాడిని ఎవరూ తొందరపెట్టకూడదని నా అభిప్రాయం.

అలా నిర్ణయించుకున్నవారు తల్లిదండ్రుల జనన పత్రం విషయం ముందే చూసుకోవాలి. 1970, 80లలో పల్లెలలో ఇంటి దగ్గర పుట్టినవారికి జనన నమోదు లేకపోవడం మామూలే. పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఉంటుంది గానీ, పుట్టిన ఊరికి అది రుజువు కాదు. పంచాయతీ లేదా మున్సిపాలిటీ నుంచి నమోదు లేదన్న పత్రం తీసుకొని, ఆలస్య నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, మరోదానిలో వెనక, ఇంకోదానిలో పొడి అక్షరంగా ఉంటే, ఆ తేడాలన్నీ ముందే సరిచేయించుకోవాలి.

సమాఖ్యను సంప్రదించడం, మాట ఇవ్వడం

చిన్న సమాఖ్యలకు ఆటగాళ్లను వెతికే యంత్రాంగం అంతగా ఉండదు. డబ్లిన్‌లో పుట్టి షామ్‌రాక్ రోవర్స్‌కు ఆడే రాబర్టో లోపెస్‌కు 2018లో ఆఫ్రికా ద్వీపదేశం కేప్ వెర్డీ కోచ్ రుయి అగ్వాస్ లింక్డ్‌ఇన్‌లో పోర్చుగీసు భాషలో సందేశం పంపారు. అది అందరికీ పంపే సందేశమనుకుని లోపెస్ పక్కన పెట్టాడు. నెలలు గడిచాక మరో సందేశం వస్తే, పాతదాన్ని అనువాద యంత్రంలో వేసి చూసుకున్నాడు. తండ్రి దేశం తరఫున 2019లో మొదలుపెట్టిన ఆ రక్షక ఆటగాడి జట్టు 2025 అక్టోబరులో ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. వారు వెతికి పట్టుకునేదాకా ఆగకుండా, సమాఖ్య ప్రధాన కార్యదర్శికి, కోచ్‌కు మీరే రాయండి. ఉత్తరంలో మీ స్థానం, క్లబ్, ఈ సీజనులో ఆడిన మ్యాచ్‌ల సంఖ్య, మూడు నాలుగు పూర్తి మ్యాచ్‌ల వీడియోలు, పుట్టుక పత్రాల వివరం ఉండాలి.

ఒప్పుకునే ముందు ఒక తేడా తెలుసుకోండి. స్నేహపూర్వక మ్యాచ్ మిమ్మల్ని ఆ దేశానికి కట్టిపడేయదు, అధికారిక పోటీ కట్టిపడేస్తుంది. 2020లో సడలించిన నియమం ప్రకారం, 21 ఏళ్లు నిండకముందు మాత్రమే అధికారిక మ్యాచ్‌లు ఆడి, స్నేహపూర్వకమైనవాటితో కలిపి సీనియర్ జట్టుకు మూడు మ్యాచ్‌లకు మించకుండా ఆడి, మూడేళ్లు గడిచి, ప్రపంచ కప్‌లో గానీ ఖండ స్థాయి చివరి పోటీలలో గానీ ఆడనివారు, మొదటి మ్యాచ్ నాటికే రెండో పౌరసత్వం ఉంటే, మారవచ్చు. ఆ మార్పు ఒక్కసారే.

క్లబ్‌తో, ప్రయాణంతో

ఫిఫా ప్రకటించిన అంతర్జాతీయ రోజులలో క్లబ్ మిమ్మల్ని పంపి తీరాలి, అయితే సమాఖ్య కనీసం 15 రోజుల ముందు లిఖితపూర్వకంగా పిలవాలి. ఆ లేఖ నకలు మీ దగ్గర ఉంచుకోండి. లీగ్ వన్, లీగ్ టూలలో ముగ్గురు లేదా అంతకు మించి ఆటగాళ్లకు పిలుపు వస్తే క్లబ్ మ్యాచ్ వాయిదా అడగవచ్చు. మీరొక్కరే వెళ్తే మ్యాచ్ మీరు లేకుండానే జరుగుతుంది, తిరిగివచ్చేసరికి మీ స్థానంలో మరొకరు స్థిరపడి ఉండవచ్చు. కాబట్టి వార్త పత్రికల్లో చూసి కాక, మీ నోట విని మేనేజరుకు తెలియాలి.

గాయం విషయంలో జాగ్రత్త అవసరం. జాతీయ జట్టుకు ఆడుతూ గాయపడి 28 రోజులకు మించి దూరమైతే ఫిఫా రక్షణ పథకం జీతం మేరకు పరిహారం ఇస్తుంది గానీ, అది చేరేది క్లబ్‌కు. ఇంగ్లండు దిగువ లీగుల కాంట్రాక్టులు మామూలుగా జూన్ 30తో ముగుస్తాయి, గోల్డ్ కప్ వంటి పోటీలు జూన్, జులైలలో వస్తాయి. కొత్త కాంట్రాక్టు చేతిలో లేకుండా వెళ్లేవారు సొంతంగా బీమా తీసుకోవాలి, లేదా సమాఖ్యతో రాయించుకోవాలి.

లండన్ నుంచి మాంట్సెరాట్‌కు నేరుగా విమానం లేదు. ఎనిమిది గంటలకు పైగా ప్రయాణించి ఆంటిగ్వాలో దిగి, అక్కడి నుంచి కొద్దిమంది మాత్రమే పట్టే చిన్న విమానంలో మరో ఇరవై నిమిషాలు వెళ్లాలి. అంత చిన్న విమానంలో పెద్ద సామాను వెనకబడిపోవచ్చు. అధికారిక మ్యాచ్‌కు ముందు మీరెవరో పాస్‌పోర్టు చూపి నిరూపించుకోవాలి కాబట్టి, అది, బూట్లు, షిన్ గార్డులు చేతిసంచిలోనే పెట్టుకోండి.