ఈత ఛాంపియన్ క్రీడాధికారి అయితే: ముందు పంపు గది తాళం అడగండి

చేరిన రోజు దండలొస్తాయి, శాలువాలొస్తాయి, విలేకరులొచ్చి పతకం చేత్తో పట్టుకోమని ఫొటో తీసుకుంటారు. అదంతా అయ్యాక అటెండర్‌ని పిలిచి పంపు గది తాళం తెమ్మనండి. అది ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదని జవాబొస్తే, మీ మొదటి పని ఏమిటో తేలిపోయినట్టే.

పదిహేనేళ్లు నీళ్లలో నానినవారికి నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది అనిపిస్తుంది. కానీ పోటీల్లో ఈదేవాళ్లు ఆ నీళ్లలో క్లోరిన్ ఎవరు కలిపారో, కరెంటు బిల్లు ఎవరు కట్టారో పట్టించుకోరు. అదంతా చూసుకోవడానికి ఇంకెవరో ఉంటారు. ఇప్పుడు ఆ ఇంకెవరో మీరే. కింద చెప్పేది జిల్లా స్థాయిలో కూర్చునేవారి కోసం: ఆంధ్రలో డీఎస్‌డీవో (జిల్లా క్రీడాభివృద్ధి అధికారి), తెలంగాణలో డీవైఎస్‌వో (జిల్లా యువజన, క్రీడల అధికారి).

ఉద్యోగం చేతికి రాకముందు

కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి నేరుగా భర్తీ చేసే పోస్టుల్లో 5 శాతం వరకు క్రీడాకారులకు ఇవ్వవచ్చు. వయసులో 5 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 10 ఏళ్లు సడలింపు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 2024 నాటి క్రీడా విధానంలో తన కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. అయితే క్రీడా కోటాలో ఉద్యోగం వచ్చినంత మాత్రాన క్రీడాశాఖలోనే వేస్తారని లేదు. వీర్‌ధవల్ ఖడే 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. 1986 సియోల్‌లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఈతలో మనకు వచ్చిన మొదటి ఆసియా క్రీడల పతకం అదే. మహారాష్ట్ర ప్రభుత్వం అతన్ని తహసీల్దారును చేసింది. గౌరవమైన ఉద్యోగమే, కాని భూమి రికార్డుల పని. క్రీడాశాఖే కావాలనుకుంటే ఈదుతున్న రోజుల్లోనే బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) గానీ పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా గానీ పూర్తి చేసి పెట్టుకోండి. కోచ్, క్రీడాధికారి పోస్టుల నోటిఫికేషన్లలో సాధారణంగా అడిగేది వాటినే.

పంపు గది

50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, సగటున 2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 25 లక్షల లీటర్ల నీళ్లుంటాయి. మీ పూల్ లెక్క కట్టి, ఆ అంకెను పంపు గది గోడ మీద పెద్ద అక్షరాలతో పెయింట్ చేయించండి. మందుల కొలత, టెండరు పరిమాణం, దొంగలెక్కలు పట్టుకోవడం, అన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి.

25 లక్షల లీటర్లలో క్లోరిన్ 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) పెరగాలంటే 2.5 కిలోల అసలు క్లోరిన్ కావాలి. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే 4 కిలోలకు కాస్త తక్కువ. 10 శాతం ద్రవ హైపో (సోడియం హైపోక్లోరైట్) అయితే సుమారు 25 లీటర్లు. 33 శాతం బ్లీచింగ్ పౌడర్ అయితే ఏడున్నర కిలోలు, కాకపోతే దాని మడ్డి ఫిల్టరుకు పడుతుంది. నీళ్లలో ఉండాల్సిన ఫ్రీ క్లోరిన్, అంటే మురికితో కలవకుండా ఇంకా పనికి మిగిలి ఉన్నది, 1 నుంచి 3 పీపీఎం. ఎండలో అది గంటగంటకూ తగ్గుతుంది కాబట్టి ఉదయం బ్యాచ్‌కు ముందు, మధ్యాహ్నం, సాయంత్రం బ్యాచ్‌కు ముందు, రోజుకు మూడుసార్లు పరీక్షించి రిజిస్టరులో ఎక్కించాలి. నెల మొత్తం అన్ని గళ్లలో "2.0" అని ఒకే చేతిరాతతో, ఒకే పెన్నుతో ఉంటే ఆ రిజిస్టరును ఎవరో ఒక్కసారి కూర్చుని నింపారని అర్థం.

ద్రవ హైపోతో ఒక చిక్కుంది. ఎండకు, వేడికి అది చచ్చిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన క్యాన్లు కొన్ని వారాల్లోనే సగం బలం కోల్పోతాయి. ఆరు నెలల సరుకు ఒకేసారి కొంటే ధర తగ్గవచ్చు, పూల్ మాత్రం పచ్చబడుతుంది. ఆపరేటరు మందు వేశానంటాడు, నిజంగానే వేసి ఉంటాడు. అందుకే టెండరులో తయారీ తేదీ, డెలివరీ రోజున ఎంత శాతం బలం ఉండాలి, పదిహేను రోజులకోసారి సరఫరా అనే మూడు షరతులు రాయించండి.

పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత, 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. పీహెచ్ 7.2 దగ్గర క్లోరిన్‌లో మూడింట రెండు వంతులు క్రిములను చంపే రూపంలో ఉంటుంది. 8 దాటితే పావు వంతు కూడా మిగలదు. మీటరు మీద 2 పీపీఎం కనిపిస్తుంది, నీళ్లలో నాచు పెరుగుతూనే ఉంటుంది. బోరు నీళ్లతో నింపే పూళ్లలో పీహెచ్ తరచూ పైకి పాకుతుంది. యాసిడ్ వేసి దించాలి. ఆ యాసిడ్‌నీ హైపోనీ ఒకే బకెట్‌లో, ఒకే మగ్గుతో ముట్టుకోనివ్వకండి. రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు. అలాగే 90 శాతం క్లోరిన్ ఉండే ట్రైక్లోర్ బిళ్లల్నీ కాల్షియం హైపోనీ పక్కపక్కన పెట్టకూడదు, అవి కలిస్తే మంటలు లేస్తాయి. మందును నీళ్లలో వేయాలి తప్ప మందు మీద నీళ్లు పోయకూడదు. ఈ మూడు వాక్యాలు తెలుగులో రాయించి తలుపు మీద అంటించండి. ఇంగ్లిష్ బోర్డు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చేవారు చదువుతారేమో గాని, బకెట్ పట్టుకునేవాడు చదవడు.

"క్లోరిన్ ఎక్కువైంది సార్, పిల్లల కళ్లు మండుతున్నాయి" అని తల్లిదండ్రులు వస్తారు. చాలాసార్లు జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అవుతాయి. ఘాటు వాసన, ఎర్ర కళ్లు వాటివల్లే. అప్పుడు మందు తగ్గిస్తే సమస్య ముదురుతుంది. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేసి, మిగిలిన అంకెకు పది రెట్లు క్లోరిన్ రాత్రిపూట ఒక్కసారిగా వేసి, ఫ్రీ క్లోరిన్ మళ్లీ 3కు దిగేదాకా ఎవరినీ దిగనివ్వకండి. పగటిపూట షవర్లు పనిచేసేలా చూడండి. షవర్ చెడిపోతే మందు ఖర్చు పెరుగుతుందని అకౌంటెంటుకు చెబితే ప్లంబర్ ఫైలు వేగంగా కదులుతుంది.

ఇంక ఫిల్టరు. ఇసుక ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న ప్రెజర్ గేజీల తేడా, శుభ్రంగా ఉన్నప్పటి కంటే అర బార్ పెరిగితే బ్యాక్‌వాష్ చేయాలి, అంటే నీళ్లు వెనక్కి తోలి ఇసుక కడగాలి. గేజీ ముల్లు పంపు ఆపినా కదలకపోతే అది ఎప్పుడో చచ్చిపోయింది, మార్పించండి. 25 లక్షల లీటర్లు ఆరు గంటల్లో ఒకసారి తిరగాలంటే గంటకు నాలుగు లక్షల లీటర్లకు పైగా తోడే పంపులు కావాలి. ఉన్న రెండింటిలో ఒకటి రిపేరులో ఉంటే బ్యాచ్‌లు కూడా సగం చేయాల్సిందే.

రోజూ చూడాల్సినవి రెండే రెండు. గట్టు మీద నిలబడితే లోతు చివర అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనిపించాలి. ఆ జాలీ విరగకుండా, స్క్రూలు ఊడకుండా ఉండాలి. మొదటిది తప్పితే మునిగిన పిల్లవాడు కనబడడు, రెండోది తప్పితే పంపు పీల్పుకు జుట్టో చెయ్యో ఇరుక్కుంటుంది. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా గేటు మూయండి, ఎవరు ఫోన్ చేసినా సరే.

టేపు పట్టండి

పోటీల పూల్ 50 మీటర్లకు ఒక సెంటీమీటరు వరకు ఎక్కువ ఉండొచ్చు, ఒక్క మిల్లీమీటరు తక్కువ ఉండకూడదు. ఈతగాడు తాకగానే గడియారం ఆపే టచ్‌ప్యాడ్లు గోడకు బిగించాక కూడా ఆ కొలత నిలవాలి. ఒక్కో ప్యాడ్ మందం ఒక సెంటీమీటరు. మరమ్మతుల్లో జరిగేదేమిటంటే, కాంట్రాక్టరు పాత టైల్స్ పీకకుండా వాటి మీదే కొత్తవి అంటిస్తాడు. గచ్చుతో కలిపి అటు రెండు సెంటీమీటర్లు, ఇటు రెండు సెంటీమీటర్లు లోపలికొస్తాయి. పూల్ తళతళలాడుతుంది, అక్కడ ఈదిన ఏ టైమింగూ రికార్డుకు పనికిరాదు. బిల్లు పాస్ చేసేముందు ప్రతి లేన్‌లో, నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల పైన, 80 సెంటీమీటర్ల కింద కొలిపించి, ఆ కాగితం ఫైలులో పెట్టండి.

స్టార్టింగ్ బ్లాకుల (పోటీలో దూకే దిమ్మెల) కింద లోతు ఇంకా ముఖ్యం. గోడకు ఒక మీటరు దూరం నుంచి ఆరు మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతుండాలి. లోతు లేని చివరన బ్లాకులు బిగించి ఉంటే పీకించేయండి. మీరు డైవ్ చేసి తప్పించుకోగలరు, ఏడో తరగతి పిల్లాడి మెడ విరుగుతుంది. వెల్లకిలా ఈదేవారికి గోడ దగ్గరైందని చెప్పే బ్యాక్‌స్ట్రోక్ జెండాలు గోడకు 5 మీటర్ల దూరంలో, నీటికి 1.8 మీటర్ల ఎత్తులో కట్టాలి. వీటిని తాడుతో అందాజుగా కట్టేస్తుంటారు, పిల్లలు స్ట్రోకులు లెక్కపెట్టుకుని వెళ్లి తల గోడకు కొట్టుకుంటారు. ఇది మాత్రం ఈతగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గార్డులు

లైఫ్‌గార్డు తన భాగాన్ని 10 సెకన్లలో కళ్లతో ఊడ్చేయగలగాలి, 20 సెకన్లలో చివరి మూలకు చేరగలగాలి. చెప్పకుండా ఒక రోజు వెళ్లి బొమ్మనో, ఇటుక కట్టిన ఎర్ర గుడ్డనో అడుగున వదిలి స్టాప్‌వాచ్ నొక్కండి. ఫలితం ఎంత చేదుగా ఉన్నా తిట్టకండి. ముందు వాళ్ల డ్యూటీ చార్టు చూడండి. ఎండలో నాలుగు గంటలు ఏకధాటిగా కూర్చోబెడితే ఎవరి కళ్లయినా పనిచేయవు. అరగంటకోసారి చోటు మారాలి. గార్డు చేత టికెట్లు చింపించడం, కోచ్ చేతే గార్డు పని చేయించడం రెండూ ఆపండి. మునిగేవాడు సినిమాలోలా చేతులూపి అరవడు. నోరు నీళ్లకు సమానంగా పెట్టుకుని, నిట్టనిలువుగా, చప్పుడు లేకుండా దిగిపోతాడు.

సీపీఆర్ శిక్షణ ఇప్పించేటప్పుడు ఒక తేడా గట్టిగా చెప్పించండి. మునిగినవారిలో గుండె ఆగడానికి కారణం ప్రాణవాయువు అందకపోవడం. కాబట్టి ముందు నోటితో ఊపిరులు, తర్వాత 30 నొక్కుళ్లకు 2 ఊపిరులు. ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు. పొట్ట నొక్కి నీళ్లు కక్కించే పాత పద్ధతి మానిపించాలి.

సంతకం పెట్టేముందు

పూల్ తర్వాత మిమ్మల్ని ఇరికించేది సర్టిఫికెట్టే. కేంద్ర కోటాలో పోటీల సర్టిఫికెట్లకు నాలుగు ఫారాలున్నాయి. దేశం తరఫున ఆడితే ఫారం 1, జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి ఇవ్వాలి. రాష్ట్రం తరఫున అయితే ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు ఫారం 3, యూనివర్సిటీ క్రీడా విభాగాధిపతి. జాతీయ స్కూలు క్రీడలకు ఫారం 4, విద్యాశాఖలో క్రీడలు చూసే డైరెక్టర్ స్థాయి అధికారి. అధికారం లేనివారు సంతకం పెట్టిన ఫారం, పతకం నిజమైనదైనా, చెల్లదు.

పరిశీలనకు వచ్చిన సర్టిఫికెట్‌ను ఫలితాల షీటుతో పోల్చండి, సర్టిఫికెట్‌తోనే పోల్చకండి. పోటీ జరిగిన తేదీ, హీట్ (తొలి దశ విడత) నంబరు, లేను, టైమింగు అడగండి. "వంద మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో మూడో స్థానం" అన్నవాడు ఎన్ని హీట్లు జరిగాయో చెప్పలేకపోతే అనుమానించాల్సిందే. ముగ్గురే దిగిన ఈవెంట్‌లో మూడో స్థానం కూడా కాంస్యమే అవుతుంది కాబట్టి ఎంట్రీల సంఖ్య కూడా నోట్‌లో రాయండి. ఇక్కడ మీ పాత జీవితం నిజంగా అక్కరకొస్తుంది. ఏ వయసుకు ఏ టైమింగు నమ్మదగిందో గుమాస్తాకు తెలియదు, మీకు తెలుసు.

సెలక్షన్ ట్రయల్స్‌కు ప్రమాణాలను పదిహేను రోజుల ముందే నోటీసు బోర్డులో పెట్టండి. ఎలక్ట్రానిక్ టైమింగ్ లేకపోతే లేనుకు మూడు వాచీలు. రెండు కలిస్తే ఆ టైమింగు, మూడూ వేరైతే మధ్యది, ఒకటి ఆగిపోతే మిగిలిన రెండింటి సగటు. అందరి టైమింగులు, ఓడినవారివి కూడా, అదే సాయంత్రం అంటించాలి. మీ పాత క్లబ్ పిల్లలో, బంధువుల పిల్లలో ఉంటే ఆ ఈవెంట్ నుంచి తప్పుకుంటున్నట్టు ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా తప్పుకోవడం ఫైలుకు ఎక్కదు.

డబ్బు, సంఘాలు

కేంద్ర గ్రాంటు వచ్చిందంటే, డబ్బు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం బాకీ ఉన్నట్టే. సొసైటీలు, స్వయంప్రతిపత్తి సంస్థలకు జీఎఫ్ఆర్ (కేంద్ర ఆర్థిక నియమావళి) ఫారం 12-ఎ, రాష్ట్ర ప్రభుత్వాలకు 12-సి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వాలి. మీ ముందువారు ఇవ్వని పత్రాల జాబితాను చేరిన వారంలోనే రాతలో తీసుకోండి. లేకపోతే వాళ్ల బాకీ మీ మెడకు చుట్టుకుని, మీ పూల్ పంపుల డబ్బు ఆగిపోతుంది.

క్రీడా సంఘాలతో తగాదా వస్తే వివరణ అడగండి, లెక్కలు అడగండి, నిధులు ఆపండి. సంఘాన్నే రద్దు చేసి మీ మనుషుల్ని కూర్చోబెట్టాలనే ఉబలాటం వద్దు. ఏడు ఒలింపిక్ ఈత పతకాల కిర్‌స్టీ కొవెంట్రీ జింబాబ్వే క్రీడామంత్రిగా ఉన్నప్పుడు అక్కడి ప్రభుత్వ క్రీడా కమిషన్ 2021లో ఫుట్‌బాల్ సంఘాన్ని సస్పెండ్ చేసింది. ఆరోపణలు చిన్నవి కావు, అయినా 2022 ఫిబ్రవరిలో ఫిఫా ఆ దేశాన్నే అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి సస్పెండ్ చేసింది. తిరిగి రావడానికి 2023 జూలై దాకా పట్టింది. మీరే ఈత సంఘంలో పదవిలో ఉంటే సంగతి ఇంకోలా ఉంటుంది. కేంద్ర ఉద్యోగులకైతే ఎన్నికయ్యే పదవికి ముందస్తు అనుమతి కావాలి, అదీ నాలుగేళ్లు లేదా ఒక్క విడత, ఏది తక్కువైతే అది. రాష్ట్ర నియమావళి విడిగా చూసుకోండి.

కాలువ పిల్లలు

1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్ 55.05 సెకన్లలో గెలిచిన దాయిచి సుజుకి 2015లో జపాన్ స్పోర్ట్స్ ఏజెన్సీకి మొదటి అధిపతి అయ్యాడు. ఆయన హయాంలో పెట్టుకున్న లక్ష్యాల్లో పతకాలతోపాటు ఇంకో అంకె ఉంది: వారానికి ఒక్కసారైనా ఒళ్లు కదిలించే పెద్దలు 65 శాతం కావాలి. ఫ్రాన్స్‌లో 1998 ప్రపంచ ఛాంపియన్ రొక్సానా మరసినాను మంత్రి అయ్యాక నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు నీళ్ల భయం పోగొట్టే పథకం మీద పడ్డారు. కృష్ణా, గోదావరి కాలువల పక్క ఊళ్లున్న జిల్లాల్లో మీకూ అదే మొదటి లెక్క కావాలి.

వేసవి శిబిరంలో స్ట్రోకులు నేర్పే తొందర వద్దు. 12 రోజులు, రోజుకు 40 నిమిషాలు, కోచ్‌కు ఎనిమిది మంది పిల్లలు. మొదటి మూడు రోజులు నడుము లోతులో ముఖం ముంచి ఊపిరి వదలడం. తర్వాత మూడు రోజులు వెల్లకిలా తేలడం, దీనికి తొందరపడితే పిల్లలు మెడ బిగబట్టి మునుగుతారు. ఆ తర్వాత తేలుతూనే పక్కకు తిరిగి గట్టు పట్టుకోవడం. చివరి రెండు రోజులు లాగూ చొక్కాతోనే దించండి, కాలువలో పడేటప్పుడు ఎవరూ స్విమ్ సూట్‌లో ఉండరు. తడిసిన చొక్కా చేతుల్ని ఎంత బరువుగా లాగుతుందో అప్పుడు తెలుస్తుంది. ఆఖరి పరీక్ష: గట్టు నుంచి దూకి, పైకి తేలి, ఒక నిమిషం వెల్లకిలా ఉండి, 15 మీటర్లు ఎలాగోలా వచ్చి గట్టెక్కాలి. గట్టెక్కినవారి పేరు రిజిస్టరులో ఊరితో సహా రాయించండి. వచ్చే ఏడు శిబిరం ఎక్కడ పెట్టాలో ఆ ఊళ్ల పేర్లే చెబుతాయి.