కుక్కకి ఇంజెక్షన్ ఇచ్చేస్తామంటున్నారా? వార్డంతా కలిసి ఆపించడం ఎలా

ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు వీధి కుక్క ఎవర్నైనా కరిచిందంటే సాయంత్రానికల్లా వార్డులో ఒకటే మాట, డాక్టర్ని పిలిచి ఇంజెక్షన్ ఇప్పించేయండి, పీడ పోద్ది అని. కౌన్సిలర్‌కి ఫోన్ల మీద ఫోన్లు వెళ్తాయి, ఆయన మున్సిపాలిటీలో ఈవోకి, అంటే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కి చెప్తాడు, ఈలోపు ఎవడో ఒకడు మాంసంలో మందు కలపడానికి కూడా రెడీ అయిపోతాడు. ఆ కుక్కని కాపాడాలనుకునేవాళ్ళేమో ఫోటో ఒకటి తీసి, కింద ఏడుపు బొమ్మలు పెట్టి స్టేటస్ పెడతారు. ప్రేమ ఉంది, కాదనను, కానీ స్టేటస్‌తో కుక్క బతకదు. చంపేయమని ఒత్తిడి పడుతున్న ఆఫీసర్ చేతికి చంపకుండా బయటపడే ఇంకో దారి కాగితం మీద పెట్టి ఇవ్వాలి, క్యాంపెయిన్ అంటే అసలు పని అదే, మిగతావన్నీ దానికి బలం ఇవ్వడానికే.

బయటి దేశాల్లో జరిగినవి చూసినా ఇదే తెలుస్తుంది. బెల్‌ఫాస్ట్‌లో లెనాక్స్ అనే కుక్క, ఎవర్నీ కరవలేదు, నిషేధించిన జాతిలా ఉందని 2010లో పట్టుకెళ్ళారు, రెండు లక్షలకి పైగా సంతకాలొచ్చాయి, అయినా 2012 జూలైలో చంపేశారు. 2014 అక్టోబర్‌లో మాడ్రిడ్‌లో ఎబోలా సోకిన నర్సు పెంచుకున్న ఎక్స్‌కాలిబర్‌ని లక్షల సంతకాలున్నా చంపేశారు. అదే నెలలో అమెరికాలో డల్లాస్‌లో ఇంకో నర్సుకి ఎబోలా వచ్చింది, ఆమె కుక్క బెంట్లీని పాత నేవీ స్థావరంలో విడిగా పెట్టి 21 రోజులు చూసి ఆమెకే తిరిగి ఇచ్చేశారు. జబ్బు ఒకటే, నెల ఒకటే. డల్లాస్‌లో కుక్కని పెట్టడానికి చోటు, చూడ్డానికి మనుషులు, ఎన్ని రోజులో లెక్క, మూడూ కుదిరాయి. మీ వార్డులో కూడా మీరు తయారుచెయ్యాల్సినవి ఆ మూడే.

అయితే మొదట వెళ్ళాల్సింది కుక్క దగ్గరికి కాదు, కుక్క కరిచిన పిల్లాడి ఇంటికి. ఇది చాలామంది వదిలేస్తారు, అక్కడే క్యాంపెయిన్ సగం చచ్చిపోతుంది. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి "మా పిల్లడికేటైనా అయితే మీరొస్తారేటి?" అని అడుగుద్ది, అడగాలి కూడా, ఆ తల్లి భయం నిజమైన భయం. ఆవిడతో వాదించకండి, చట్టాలు చెప్పకండి. పుండుని సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట కడిగారా లేదా చూడండి, పసరు, సున్నం, కారం లాంటివి పూసుంటే కడిగించండి, అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి మీరే బండి మీద తీసుకెళ్ళండి. రేబీస్ టీకా కండకి వేసేదైతే మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకి, చర్మంలో వేసేదైతే మొదటి రోజు, తర్వాత 3, 7, 28కి. రక్తం వచ్చిన కాటైతే పుండు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే రేబీస్‌ని వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్ కూడా పడాలి, అది చిన్న ఆస్పత్రుల్లో లేకపోతే బరంపురం మెడికల్ కాలేజీ లాంటి పెద్దచోటికి పంపిస్తారు, ఆ బస్సు ఖర్చు మీ గ్రూపే పెట్టుకోవాలి. పది రోజులు కుక్కని చూశాక టీకా వేయిద్దాంలే అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి, టీకా ఇవాళే, కుక్క మీద నిఘా కూడా ఇవాళ్టి నుంచే. తర్వాతి డోసు తేదీలు మీ ఫోన్లో కూడా అలారం పెట్టుకోండి. రెండో డోసుకి మీరు మళ్ళీ గుమ్మంలో కనిపిస్తే ఆ తల్లి మాట మారుతుంది, నిజంగా మారుతుంది, కొన్నిసార్లు పిటిషన్ మీద మొదటి సంతకం ఆవిడదే అవుతుంది. ఆ సంతకం ముందు ఆన్‌లైన్‌లో వచ్చే వేల సంతకాలు ఎందుకూ పనికిరావు.

ఇంక కుక్క సంగతి. దాన్ని రోడ్డు మీద వదిలేసి క్యాంపెయిన్ చెయ్యకండి, రాత్రికి మందు పెట్టేస్తారు. తాళం పడే పెరడో, ఖాళీ గోడౌనో, కట్టడం ఆగిపోయిన ఇల్లో చూసి, పిల్లలు వెళ్ళలేని చోట గట్టి గొలుసుతో కట్టించండి, అయితే పట్టుకోవడం మాత్రం అలవాటున్నవాళ్ళతోనే, ఉత్త చేతులతో ఎవరూ దిగకండి. తిండి పెట్టేది ఇద్దరే ఉండాలి, ముట్టుకోకుండా దూరం నుంచి గిన్నె జరపాలి, వాళ్ళు ముందుగానే టీకాలు వేయించుకున్నవాళ్ళైతే మంచిది. అది ఎక్కడుందో గ్రూపుల్లో పెట్టకండి. రోజూ ఒకే టైముకి, ఆ రోజు పేపర్ మొదటి పేజీ పక్కన పెట్టి, అది అన్నం తింటున్నది, నీళ్ళు తాగుతున్నది ఒక నిమిషం వీడియో తియ్యండి. ఈ వీడియోలే మీ ఆయుధం. ఎందుకంటే కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన రోజు దాని చొంగలో రేబీస్ లేనట్టే. తినడం మానేసినా, చొంగ కార్చినా, తూలినా, గొంతు మారినా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, దాచడానికి వీల్లేదు.

చట్టం గురించి నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, కానీ అవి ఖచ్చితంగా తెలియాలి. 2023 మార్చిలో వచ్చిన యానిమల్ బర్త్ కంట్రోల్ రూల్స్, అంటే వీధి కుక్కల సంతానాన్ని అదుపు చేసే ఏబీసీ రూల్స్, వాటిలో 15వ రూల్ ప్రకారం వీధి కుక్కకి ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇవ్వాలంటే అది నయం కాని జబ్బుతోనో, బతకలేనంత గాయంతోనో ఉండాలి, అది కూడా ఆ రూల్స్ కింద ఉండే స్థానిక కమిటీ వేసిన టీమ్ చూసి చెప్పాలి, చదువుకున్న పశువుల డాక్టరే సోడియం పెంటోబార్బిటాల్ లాంటి నొప్పి లేని మందుతో చెయ్యాలి. కరిచింది అనేది కారణం కాదు. 16వ రూల్ కరిచిన కుక్కల గురించి: రేబీస్ అనుమానం ఉంటే విడిగా పెట్టి ఒక పశువుల డాక్టరు, ఒక జంతు సంక్షేమ సంస్థ మనిషి, ఇద్దరూ కలిసి చూడాలి. రేబీస్ అనిపిస్తే కుక్క దాని అంతట అది చనిపోయేదాకా విడిగానే ఉంచాలి, వేరే జబ్బో కోపం స్వభావమో అయితే సంస్థకి అప్పగించి వైద్యం చేయించాలి. ఎవరైనా మందు పెట్టి చంపితే బీఎన్‌ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్, ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. 1960 నాటి జంతు హింస చట్టంలో 11వ సెక్షన్ కూడా ఉంది గానీ అందులో మొదటిసారికి ఫైన్ పది నుంచి యాభై రూపాయలు, దానికెవడూ భయపడడు, కాబట్టి కంప్లైంట్‌లో 325 తప్పకుండా రాయించండి.

సుప్రీంకోర్టు ఆర్డర్లు కూడా నిజాయితీగా చూడాలి. 2025 ఆగస్టు 22 ఆర్డర్‌లో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా చేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలమన్నారు, కానీ రేబీస్ ఉన్నవీ అనుమానం ఉన్నవీ, దూకుడుగా ఉండేవీ వదలొద్దన్నారు. అదే ఏడాది నవంబర్ 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి తీసి షెల్టర్లకి పంపాలి, మళ్ళీ అక్కడ వదలకూడదన్నారు. కాబట్టి మీ కుక్క బస్టాండ్‌లో ఉండేదైతే అక్కడికే తిరిగి కావాలని పట్టుపట్టకండి, ఓడిపోతారు, షెల్టర్‌కో పెంచుకునేవాళ్ళకో ఇమ్మని అడగండి. చంపమని మాత్రం ఆ రెండు ఆర్డర్లలోనూ లేదు. ఆ తర్వాత కొత్తవేమైనా వచ్చాయేమో ఒకసారి లాయర్‌ని అడగండి, జిల్లా కోర్టులో లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసులో సలహా దొరుకుతుంది.

ఇప్పుడు కాగితం. ఒక్క పేజీ దాటొద్దు, తిట్లు వద్దు. ఇలా ఉంటే చాలు: "ఫలానా వార్డులో ఫలానా తేదీన ఒక కుక్క ఒకరిని కరిచింది. బాధితులకి అదే రోజు టీకా మొదలైంది. కుక్కని తాళం వేసిన చోట కట్టి ఉంచాం, తిండి నీళ్ళు తీసుకుంటోంది. ఏబీసీ రూల్స్ 2023, 16వ రూల్ ప్రకారం పరీక్ష చేయించి పది రోజులు పరిశీలనలో ఉంచవలసిందిగా కోరుతున్నాం. అంతవరకు తిండి, కాపలా, ఖర్చు కింద సంతకం పెట్టిన మేము చూసుకుంటాం. తర్వాత ఆపరేషన్‌కి, టీకాకి మేమే తీసుకొస్తాం. ఒకవేళ చంపే నిర్ణయం ఉంటే అది ఏ రూల్ కింద, ఎవరి ఆర్డర్‌తో అన్నది రాతపూర్వకంగా ఇవ్వగలరు." ఆ చివరి వాక్యం ఎట్టి పరిస్థితుల్లోనూ తీసేయొద్దు. నోటిమాటగా ఇంజెక్షన్ ఇచ్చేయ్ అనడం సులువు, సంతకం పెట్టి ఇవ్వమంటే ఎవరైనా ఒక్క క్షణం ఆగి రూల్ చూస్తారు, మనకి కావాల్సింది ఆ ఆగడమే.

ఈ కాగితం ఒడియాలో ఉండాలి, ఇంగ్లీష్ కాపీ జతచెయ్యండి. తెలుగులో రాసి ఇస్తే ఇక్కడ ఏ ఆఫీసులోనూ కదలదు, బాధగా ఉన్నా అంతే. ఒడియా బాగా రాసే టీచరో, డీటీపీ షాపాయనో దొరుకుతారు. మున్సిపాలిటీ లేదా ఎన్‌ఏసీ (చిన్న పట్టణాల నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) ఈవోకి ఒకటి, సీడీవీవో, అంటే జిల్లా పశువైద్యాధికారికి ఒకటి, పోలీస్ స్టేషన్‌లో ఐఐసీకి, అంటే స్టేషన్ ఇన్‌ఛార్జ్ ఇన్‌స్పెక్టర్‌కి ఒకటి, కలెక్టర్‌కి ఒకటి. జంతువుల మీద హింసని ఆపే సంఘం, జిల్లా ఎస్‌పీసీఏ వ్యవహారం కూడా కలెక్టర్ దగ్గరికే వస్తుంది గనక ఆ కాపీ ముఖ్యం. ప్రతి కాపీ మీద రిసీవ్డ్ ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావొద్దు. సోమవారం గ్రీవెన్స్, అంటే ఆఫీసర్లు ఫిర్యాదులు వినే కార్యక్రమం దొరికితే అక్కడ చేతికివ్వండి, లేకపోతే ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ జన శుణాణి పోర్టల్‌లో పెట్టి నంబర్ దాచుకోండి. వెళ్ళేటప్పుడు ఐదుగురు చాలు, అందులో ఇద్దరైనా ఆడవాళ్ళు, ఒక ఒడియా పెద్దాయన. గుంపుగా వెళ్ళి నినాదాలిస్తే ఆఫీసర్ బిగుసుకుపోతాడు.

సంతకాలు వార్డులోవాళ్ళవే తీసుకోండి, పేరు, ఇంటి నంబరు, ఫోను. ఇక్కడ ఒక సంగతి. మన తెలుగువాళ్ళ వీధుల్లో పని మొదలైతే ఇది తెలుగోళ్ళ గొడవ అనే పేరు పడిపోతుంది, ఒకసారి పడితే కుక్క సంగతి పక్కకిపోయి వేరే లెక్కలు మొదలవుతాయి. అందుకే మొదటి రోజే ఒడియా ఇళ్ళకి వెళ్ళండి, మాట్లాడేవాళ్ళు కూడా వాళ్ళలోంచి ఒకరుండాలి. రోజూ ఆ కుక్కకి బిస్కెట్లు వేసే చాయ్ కొట్టాయన, రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్ళు, పాలు పోసేవాళ్ళు, వీళ్ళు అది ఎలాంటిదో నాలుగు వాక్యాలు చెప్తే వీడియో తీసుకోండి. పిల్లల తల్లి కుక్కా? ఎవరన్నా రాయి విసిరారా? తింటుండగా తోక తొక్కారా? కారణం తెలిస్తే భయం తగ్గుతుంది, కానీ తప్పంతా పిల్లాడి మీదకి తోసేలా మాత్రం చెప్పొద్దు.

వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లే పోస్ట్ చేసేలా పెట్టండి. రోజుకి ఒక్క అప్‌డేట్: ఇవాళ కుక్క ఎలా ఉంది, బాబు ఎలా ఉన్నాడు, ఏ కాగితం ఎక్కడికి వెళ్ళింది. పిల్లాడి ముఖం, పేరు వద్దు, కౌన్సిలర్‌ని తిట్టే మీమ్స్ అస్సలు వద్దు, రేపు ఆయన సంతకమే కావాలి మనకి. డబ్బులు ఒక్కరి యూపీఐకే రావాలి, రాత్రికి ఎంతొచ్చింది ఎంతైంది బిల్లు ఫోటోతో పెట్టేయాలి. విలేకరులకి ఫోన్ చెయ్యడం మాత్రం కాగితాల మీద ముద్రలు పడ్డాకే. అప్పుడు ఒడియా పేపర్ల వాళ్ళకీ, తెలుగు పేపర్లకి సరిహద్దు వార్తలు రాసేవాళ్ళకీ ముద్ర ఉన్న కాపీ, పదో పన్నెండో సెకన్ల మంచి వీడియో పంపండి. వార్తలో చంపబోతున్నారు అని కాకుండా పరిశీలనలో ఉంచాలని వార్డు ప్రజలు కోరారు అని వచ్చేలా చెప్పండి, దాంతో ఆఫీసర్‌కి కూడా పరువుగా ఒప్పుకునే దారి దొరుకుతుంది.

ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఎందుకీ గొడవంతా, రాత్రి ఆటోలో వేసి బోర్డర్ దాటించి ఆంధ్రాలో పాతపట్నం వైపు వదిలేద్దామని. దయచేసి చెయ్యకండి. పది రోజుల పరిశీలన తెగిపోతుంది, బాబు ఇంట్లో భయం మిగిలిపోతుంది, మనంతట మనం కుక్కల్ని చోటు మార్చడం రూల్స్‌కే విరుద్ధం, పైగా అవతలి వీధి కుక్కలు దాన్ని బతకనివ్వవు, రాష్ట్రం మారితే ఇక్కడి ఆఫీసర్ ఎవరూ జవాబు చెప్పరు.

డాక్టర్లు చూసి రేబీస్ లక్షణాలే అంటే క్యాంపెయిన్ అక్కడితో ఆపేసి, దాన్ని ఎవరూ ముట్టకుండా, రాళ్ళు వెయ్యకుండా చూడ్డానికి మనుషుల్ని పెట్టండి, దాని చొంగ తగిలినవాళ్ళందర్నీ లిస్టు రాసి టీకాకి పంపండి. అలాగే బండి గుద్ది నడుము విరిగి, కోలుకోదని డాక్టర్ల టీమ్ రాసిచ్చిన కుక్క కోసం పోరాడొద్దు, దాన్ని నొప్పి లేకుండా పంపడమే దయ, ఇంకో కుక్క ఎదురుగా చెయ్యకూడదని కూడా రూల్‌లోనే ఉంది, ఆ మాత్రం గౌరవం దక్కేలా చూడండి.

పదో రోజు దాటి కుక్క బాగుంటే సీడీవీవో ఆఫీసు నుంచి ఆ మాట రాయించుకోండి. తర్వాత ఆపరేషన్, రేబీస్ టీకా, చెవికి గుర్తు. ఊళ్ళో ఏబీసీ సెంటర్ లేకపోతే పశువుల ఆస్పత్రిలో డాక్టర్‌ని అడిగి తేదీ తీసుకోండి, పశువైద్య హెల్ప్‌లైన్ 1962కి ఫోన్ చేసి బండి మీద వచ్చే మొబైల్ యూనిట్ వాళ్ళ సాయం కూడా అడగొచ్చు. ఆ టీకా కార్డు జిరాక్స్ ఒకటి బాబు వాళ్ళింట్లో ఇవ్వండి, ఒకటి కౌన్సిలర్‌కి, ఒకటి చాయ్ కొట్టు గోడకి, ఏడాదికి మళ్ళీ వెయ్యాల్సిన తేదీ దాని మీద పెద్దక్షరాల్లో రాసి.