ఇంట్లోనే ఇంజన్ ఆయిల్ సిస్టమ్ – నాలుగో పాఠం: కూలర్ కంటే ముందు త్రెడ్

ఈ పాఠంలో ఆయిల్ కూలర్ (ఇంజన్ ఆయిల్‌ని చల్లబరిచేది) బిగిద్దామని పోయినసారి చెప్పాను. దాన్ని ఐదో పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి ఆయిల్ ప్రెషర్ గేజి పెట్టుకున్నవాళ్లు పంపిన ఫొటోలు చూశాక ఇప్పుడే కూలర్ జోలికి పోవడం సరికాదనిపించింది. దేవరకొండ నుంచి వచ్చిన ఫొటోలో బ్లాక్ పక్కంతా ఆయిల్ కారి, దాని మీద ఎర్రదుమ్ము పేరుకుపోయి ఉంది. కల్వకుర్తిలో ఒకరి బొలేరోకి గేజి సెన్సర్ బిగించిన ఇత్తడి టీ (మూడు నోళ్ల ఫిట్టింగ్) మొదలు దగ్గరే విరిగింది. మిర్యాలగూడలో ఇంకొకరు ఇంజన్ వేడెక్కాక ముల్లు 1 బార్‌కి దిగిందని టెన్షన్ పడి, మంచి ఆయిల్ తీసేయించి చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్ పోయించారు. గేజి దగ్గర లీకైతే చుక్కలు చుక్కలుగా పోతుంది, చూసుకునే టైం ఉంటుంది. కూలర్ పైపు ఊడితే మాత్రం పంపు తోడిన ఆయిలంతా నేల మీదికే పోతుంది. ఛాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఖాళీ కావడానికి నిమిషం కూడా పట్టదు.

ముందు మిర్యాలగూడ సంగతి తేల్చేద్దాం. వేడి ఇంజన్‌కి పాత మెకానిక్‌లు వాడే లెక్క ఒకటుంది: ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్ఐ. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. పాత గేజిల మీద ఉండే కేజీ (చదరపు సెంటీమీటరుకి) కూడా దాదాపు బారే. ఈ లెక్కన 800 ఆర్‌పీఎం ఐడిల్ దగ్గర 8 పీఎస్ఐ ఉంటే చాలు, ఆయనకు 14 పైనే ఉంది. ఆ బండికి ఏ జబ్బూ లేదు. చూడాల్సింది 3000 దగ్గర. అక్కడ వేడి ఇంజన్ 2 బార్ కూడా చూపించకపోతే అప్పుడు ఆలోచించాలి. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు పైకి లేస్తుంది, నిజమే. కానీ పంపు ఒక్కో చుట్టుకి తోసే ఆయిల్ అంతే ఉంటుంది. చిక్కగా ఉన్నది బేరింగుల సందుల్లోంచి కష్టంగా పోతుంది కాబట్టి ప్రెషర్ పెరుగుతుంది. ప్రెషర్ పెరిగితే రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసేది) ముందుగానే తెరుచుకుని కొంత ఆయిల్‌ని బేరింగుల మొహం చూడకుండానే ఛాంబర్‌లోకి పంపేస్తుంది. ముల్లు బాగుంటుంది, బేరింగ్‌కి ఒరిగిందేమీ ఉండదు. కంపెనీ పుస్తకంలో ఏ గ్రేడ్ ఉంటే అదే పోయండి.

ఇక త్రెడ్ (ఫిట్టింగ్ మరలు) సంగతి. ఈ పాఠం రాస్తున్నదే దీనికోసం.

మన దగ్గర హైడ్రాలిక్ పైపుల షాపులకు కొదవ లేదు. ట్రాక్టర్లు, బోరుబండ్లు, జేసీబీలు ఉన్నచోట అవి ఉండక తప్పదు. పనితనం కూడా గట్టిదే. ఆ షాపుల్లో ఎక్కువగా దొరికేది బీఎస్పీ (బ్రిటిష్ పైపు) త్రెడ్. ఆన్‌లైన్‌లో వచ్చే గేజి కిట్లు, శాండ్‌విచ్ ప్లేట్లలో (కూలర్ కోసం బ్లాక్‌కీ ఫిల్టర్‌కీ మధ్య పెట్టే పలకలు) చాలావాటికి ఎన్‌పీటీ (అమెరికన్ పైపు) త్రెడ్ ఉంటుంది. మీ బ్లాక్‌లో, ప్రెషర్ స్విచ్ రంధ్రానికి, ఈ రెండూ కాక మిల్లీమీటర్ త్రెడ్ ఉండొచ్చు. మూడు కులాల త్రెడ్డులు ఒకే రంధ్రం దగ్గర కలుస్తాయి. షాపులో అడిగితే అన్నీ 'వన్ బై ఎయిట్' (1/8 అంగుళం) అనే ఇస్తారు.

1/8 బీఎస్పీలో అంగుళానికి 28 మరలు, మర కోణం 55 డిగ్రీలు. 1/8 ఎన్‌పీటీలో అంగుళానికి 27, కోణం 60. ఒక్క మర తేడా. అందుకే ఒకదాంట్లో ఇంకొకటి చేత్తో రెండు చుట్లు సాఫీగా దిగుతుంది, మూడో చుట్టుకి బిగుసుకుంటుంది. టేపర్ త్రెడ్ (కొసకి సన్నబడేది) సరైనదైనా ఇలాగే బిగుస్తుంది కాబట్టి చెయ్యి మోసపోతుంది. 'కొత్త చూడీ (మర) కదా, టైట్‌గానే ఉంటుంది' అని పానా వేస్తారు. పానా వేశాక దిగడమైతే దిగుతుంది, కానీ బ్లాక్ లోపలి మరలను కోసుకుంటూ దిగుతుంది. ఆ రోజు కారదు. ఇంజన్ నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక కారడం మొదలవుతుంది. అప్పుడు ఇంకా బిగిస్తారు, ఆ రంధ్రం చుట్టూ ఉన్న పోత ఇనుము పగులుతుంది. దేవరకొండ ఫొటోలో నాకు కనిపించింది ఇదే. ఇంకా పగుళ్లు రాలేదు. దయచేసి ఆ ఫిట్టింగ్‌ని ఇంకొక్క పావు చుట్టు కూడా బిగించకండి.

కనిపెట్టడం కష్టం కాదు. బండిలోంచి విప్పిన పాత ప్రెషర్ స్విచ్‌ని (ఆయిల్ ఎర్ర లైటు వెలిగించేది) ఒక చేత్తో, కొత్త ఫిట్టింగ్‌ని ఇంకో చేత్తో పట్టుకోండి. రెండింటి మరలనూ పక్కపక్కన ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టి కిటికీ వైపు ఎత్తి చూడండి. ఒకే త్రెడ్ అయితే మొదటి మర నుంచి చివరి మర దాకా వెలుతురు దూరదు. వేరైతే ఒక కొస కుదురుగా కూర్చుంటుంది, రెండో కొసకి వచ్చేసరికి సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. వర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) ఉంటే ఒక మర కొన నుంచి దాని తర్వాత ఆరో మర కొన దాకా దూరం కొలవండి. బీఎస్పీకి 5.44 మిల్లీమీటర్లు వస్తుంది, ఎన్‌పీటీకి 5.64, ఎం10 సన్న త్రెడ్‌కి సరిగ్గా 6. పిచ్ గేజి (మరల దూరం పోల్చి చూసే పళ్ల రేకులు) కొనుక్కుంటే ఇంకా తేలిక. నేను మాత్రం వెలుతురునే ఎక్కువ నమ్ముతాను.

ఈ పరీక్ష 1/4కి, 3/8కి కూడా పనికొస్తుంది. ఆ సైజుల్లో బీఎస్పీకి 19, ఎన్‌పీటీకి 18. అరంగుళం దగ్గర మాత్రం పైలం. అక్కడ రెండింటికీ అంగుళానికి 14 మరలే. మర తర్వాత మర దూరం ఒకటే కాబట్టి వెలుతురు గీత మీకు ఏమీ చెప్పదు. చక్కగా దిగుతుంది, చక్కగా బిగుస్తుంది. కానీ కోణం 55కీ 60కీ కలవదు కాబట్టి మర వెంబడే ఆయిల్ చుట్టు తిరుగుతూ బయటికొస్తుంది. కూలర్ పైపులకు అరంగుళం ఫిట్టింగులు చాలా వాడతారు. అందుకే కూలర్‌ని ఆపాను. కొన్నరోజే ఫిట్టింగ్ మీద రంగు చుక్క పెట్టుకోండి. నా డబ్బాలో బీఎస్పీకి ఎరుపు, ఎన్‌పీటీకి తెలుపు. చుక్క లేని ఫిట్టింగ్ బండి మీదికి ఎక్కదు.

నా అలవాటు ఇంకొకటి: బ్లాక్ దగ్గర, ప్లేట్ దగ్గర తప్ప మిగతా లైనంతా బీఎస్పీయే పెడతాను. అర్ధరాత్రి డిండి దగ్గర ఆగిపోయినా, పొద్దున ఏ ఊళ్లోనైనా దొరికేది అదే. రెండు రకాలు కలిసేచోట లేత్ షాపులో స్టీల్ అడాప్టర్ చేయించుకోండి. మొదలు నుంచి కొస దాకా ఒకే లావుండే (పారలల్) బీఎస్పీకి టేపు చుట్టకండి, డౌటీ వాషర్ (లోపలి అంచుకి రబ్బరు ఉన్న లోహపు వాషర్) వేయండి. అక్కడ ఆయిల్‌ని ఆపేది వాషరే, మర కాదు. టేపర్ త్రెడ్‌కి నేను లిక్విడ్ సీలెంట్ వాడతాను. తెల్ల టేపే వాడతామంటే ముందు రెండు మరలూ వదిలేసి చుట్టండి. లోపలికి తెగిపడిన ముక్క గ్యాలరీలో (బ్లాక్ లోపలి ఆయిల్ దారిలో) తిరిగి తిరిగి పిస్టన్ మీదికి ఆయిల్ చిమ్మే సన్న రంధ్రంలో ఇరుక్కోగలదు. ఒంటి వైరు సెన్సర్‌ని బ్లాక్‌కే బిగిస్తే దానికి బ్లాకే ఎర్త్. మందంగా టేపు చుడితే ముల్లు తప్పు చూపిస్తుంది. 'గేజి పాడైపోయింది' అన్నవాళ్లు ముందు టేపు విప్పి చూడండి.

కల్వకుర్తి టీ విరగడానికి కారణం డీజిల్ ఇంజన్ వణుకు. బరువైన సెన్సర్‌ని ఇత్తడి నిప్పుల్‌కి (చిన్న పైపు ముక్కకి) వేలాడదీస్తే అది విరిగే తీరుతుంది. బ్లాక్ నుంచి అడుగున్నర జాలీ పైపు (పైన అల్లిక ఉన్నది) తెచ్చి, టీని ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) మీద క్లాంప్‌తో బిగించండి. పాత ఎర్ర లైటు స్విచ్‌ని కూడా ఆ టీకే పెట్టండి. గేజి వచ్చిందని ఎర్ర లైటు తీసేయకూడదు. గుట్ట ఎక్కుతున్నప్పుడు మీ కళ్లు దారి మీద ఉంటాయి, ముల్లు మీద కాదు.

గుట్ట ఎక్కుతున్నప్పుడు ముల్లు ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తే స్ట్రెయినర్ (ఛాంబర్‌లోంచి పంపు ఆయిల్ పీల్చే జల్లెడ) ఆయిల్ వదిలి గాలి పీలుస్తోందని అర్థం. దానికి మందు ఛాంబర్‌లో అడ్డుపలకలు, ఆరో పాఠంలో చూద్దాం. అప్పటిదాకా ఆయిల్‌ని కొలపుల్ల మీది పై గీత దాకా ఉంచండి, గీత దాటించకండి. దాటితే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది.

ఈసారి అభ్యాసం బరువైనదే. పాత స్విచ్ విప్పి దాని త్రెడ్ ఏదో వెలుతురుతో, వర్నియర్‌తో రెండు విధాలా తేల్చి కాగితం మీద రాయండి. తర్వాత వారం రోజులు నోట్‌బుక్ పెట్టండి: పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే ఎంత ఉంది, 20 కిలోమీటర్లు నడిపాక ఐడిల్‌లో, 2000 దగ్గర, 3000 దగ్గర ఎంత ఉంది, బయట ఎండ ఎంత. ఇందులో రెండు రోజులైనా మిట్ట మధ్యాహ్నం కావాలి. ఎత్తు ఎక్కే పరీక్ష మీ చెలకలోనో ఊరి గుట్ట దారిలోనో చేయండి. అమ్రాబాద్ పులుల అడవిలోకి బండి తిప్పకండి.

3000 దగ్గర 2 బార్ రానివాళ్లు కూలర్ కొనకండి, ముందు పంపు, బేరింగులు చూపించుకోండి. మిగతావాళ్లు థర్మోస్టాట్ (ఆయిల్ వేడెక్కాకే కూలర్‌కి పంపేది) ఉన్న శాండ్‌విచ్ ప్లేటే తెచ్చుకోండి. పైపు కొనేటప్పుడు దాని మీద 100ఆర్1 (హైడ్రాలిక్ పైపు రకం పేరు) అని ఉందని ఊరుకోకుండా ఎంత వేడి తట్టుకుంటుందో అడగండి. మామూలు హైడ్రాలిక్ పైపు చాలావరకు 100 డిగ్రీలకే. మే నెలలో ఘాట్ ఎక్కే ఇంజన్ ఆయిల్ 120 దాకా పోగలదు, కాబట్టి 120కి తగ్గకుండా తట్టుకునేదే తీసుకోండి.